మట్టితో మృగములు: సెలవులలో నేర్చుకొనదగిన యొక పాఠము



గడచిన వేసవి సెలవులలో చెన్నూరిలో పది దినములపాటు పిల్లలకు మట్టితో జంతువుల బొమ్మలు చేయుట నేర్పితిమి. ఉదయము ఆఱు గంటలకు వేపచెట్టు నీడను పని మొదలుపెట్టి, ఎండ ముదురకమునుపే, తొమ్మిది గంటలకెల్ల ముగించుచుంటిమి. వచ్చిన పిల్లలు ఇరువదియిద్దఱు. వారిలో కొందఱు ఊరి నడుమ పెరిగినవారు. కొందఱు చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన రైతుబిడ్డలు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున చేతిపనుల పాఠములలో నేనును కొంత మట్టిపని నేర్చియుంటిని. ఆ ధైర్యముతోనే యీ పనికి పూనుకొంటిని.

ఆ పది దినములలో నేను రెండు తప్పులు చేసితిని. మొదటిది చూడక చెప్పుట, రెండవది తొందరపడుట. ఆ రెండింటిని దాచక యిందు వ్రాయుచున్నాను. రానున్న సెలవులలో మీరు మీ యింటిముంగిటనే యీ పని చేయదలచినచో, నేను పడిన చోట మీరు పడకుందురుగాక.

1. మొదట చూడవలెను

మొదటి దినమున నేను నల్లబల్లపై ఒక బఱ్ఱె బొమ్మను గీచి, “దీనిని చూచి చేయుడు” అని చెప్పితిని. పిల్లలందఱును మట్టిముద్దలు చేతబట్టిరి. ఆఱవ తరగతి బాలుడొకడు మాత్రము చేతులు కట్టుకొని కూర్చుండెను. వాడు తరగతిలో నోరు మెదపని పిల్లవాడు. పుస్తకము చదువుమన్నచో తడబడును. “ఏమిరా, చేయవేమి?” అని యడిగితిని. వాడు కొంతసేపు నేలచూపులు చూచి, తుదకు మెల్లగా, “సారూ, బర్రె గట్లుండదు. చెవులు కొమ్ముల కింద ఉంటయ్. మీరు మీద పెట్టిండ్రు” అనెను.

పిల్లలు నవ్విరి. నేనును నవ్వబోయి, బల్లవంక తిరిగి చూచితిని. వాడు చెప్పినదే నిజము. ప్రతి దినము బడికి వచ్చు త్రోవలో పది బఱ్ఱెలను దాటి వచ్చుచున్నను, నేను ఒక్కదానినైనను చూచియుండలేదు. వెంటనే బొమ్మను తుడిచివైచి, మట్టిని తడిగోనెలో చుట్టిపెట్టి, పిల్లలందఱిని వెంటబెట్టుకొని చెఱువుకట్టకు పోయితిని. ఆ దినమున మట్టిపని సాగలేదు. ఒక గంటకాలము పశువులను చూచుటయే పని. వాడు చూపింపగా మేము చూచితిమి. మేము చూచినవానిలో ముఖ్యమైనవి యివి.

బఱ్ఱె కొమ్ము మొదట వెడల్పై, అంచులు దేఱి, వెనుకకు వంగియుండును. ఎద్దుకొమ్ము గుండ్రనై పైకి లేచును. చెవులు కొమ్ములకు క్రిందుగా, ప్రక్కలకు చాపబడియుండును.

ఎద్దు వెనుకకాలు నడుమ వెనుకకు వంగినట్లు కనబడుచోటు మోకాలు కాదు. అది దాని మడమ. నిజమైన మోకాలు పైన, కడుపు దగ్గఱ నుండి, మన మోకాలివలెనే ముందునకు వంగును. పశువు మడమను నేల మోపక, వ్రేళ్ల కొనలమీద నడచును. రెండుగా చీలిన గిట్ట రెండు వ్రేళ్ల గోళ్లు. గుఱ్ఱమునకును గాడిదకును గిట్ట యొక్కటియే, వ్రేలును ఒక్కటియే. ఈ సంగతి తెలియనివాడు చేసిన యెద్దు కుర్చీకాళ్లపై నిలుచున్నట్లుండును.

ఆవు లేచునపుడు ముందుగా వెనుకభాగమును ఎత్తి, ముంగాళ్ల మోకాళ్లపై నొక్క క్షణము నిలిచి, పిమ్మట లేచును. గుఱ్ఱము ముందుకాళ్లు చాచి ముందుభాగమును మొదట లేపును. మేకతోక సాధారణముగా పైకి నిలిచియుండును. గొఱ్ఱెతోక క్రిందికి వ్రేలాడును. దూరమునుండి రెండింటిని పోల్చుకొనుటకు ఈ గుర్తొకటి చాలును.

ఊరిపిల్లలకు ఇవన్నియు క్రొత్త. పల్లెపిల్లలకు తెలిసినవే, కాని యెవ్వరును వారిని అడిగియుండలేదు గనుక తమకు తెలియునని వారికే తెలియదు. మఱునాటినుండి ఆ బాలుడు చేతులు కట్టుకొని కూర్చుండలేదు.

2. మన్నును ఎఱుగవలెను

చెన్నూరు దగ్గఱ గోదావరి ఉత్తరదిశగా ప్రవహించును. వేసవిలో నీరు తగ్గి, విశాలమైన యిసుకతిన్నెలు బయలుపడును. ఇసుకతో బొమ్మ నిలువదు. మనకు కావలసినది ఒడ్డునను చెఱువు అడుగునను చేరిన మెత్తని బంకమన్ను. మన్ను మంచిదో కాదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. తడిమట్టిని చిటికెనవ్రేలంత లావున త్రాడువలె పేని, మీ వ్రేలిచుట్టు త్రిప్పుడు. పగుళ్లు పట్టక చుట్టుకొన్నచో పనికివచ్చును. మాటిమాటికి విఱిగినచో ఇసుకపాలు హెచ్చు. చేతికి జిగురుగా అంటుకొని వదలనిచో బంక హెచ్చు.

తెచ్చిన మట్టిని దంచి, రాళ్లును వేళ్లును ఏఱివైచి, ఒక రాత్రి నీట నానవైచి, పలుచని గుడ్డలో వడియగట్టవలెను. ఆ ముద్దను ఇటుకలమీద పఱచినచో అవి నీటిని పీల్చుకొనును. రొట్టెపిండివలె గట్టిపడినపుడు, అయిదుపాళ్ల మట్టికి ఒకపాలు సన్నని యిసుకను కలిపి, చేతులతో బాగుగ పిసుకవలెను. ఇసుక కలుపుటకు కారణమేమి? ఉత్త బంకమన్ను ఆఱునపుడు మిక్కిలి కుదించి పగులును. ఇసుకరేణువులు కుదింపవు, పైగా నడుమ సన్నని సందులు చేసి, లోపలి తడి బయటికి వచ్చుటకు త్రోవ యిచ్చును. ఎడ్ల కాలమునను ట్రాక్టర్ల కాలమునను నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చుటకు కారణము నిదియే. దానిలో బంకపాలు హెచ్చు.

మన్ను ఆఱుటలోను కాలుటలోను కలిసి ఇంచుమించు పదింట నొకవంతు కుదించును. మన్నునుబట్టి యిది మాఱుచుండును. అందుచేత ముందుగానే ఒక చిన్న మట్టిపలకపై 10 సెంటీమీటర్ల గీత గీచి, ఆఱిన పిమ్మటను కాలిన పిమ్మటను కొలిచి చూడుడు. మీ యూరి మన్ను సంగతి మీకే తెలియును. కొందఱు కాళ్లకు బలము చాలదని ఇనుపతీగను లోపల పెట్టుదురు. కాల్చదలచిన బొమ్మలో అట్లు చేయరాదు. మన్ను కుదించును, తీగ కుదింపదు; బొమ్మ తీగపొడవున చీలిపోవును.

3. పరుండిన మృగమును ముందు, నిలిచిన మృగమును పిమ్మట

పిల్లలందఱును మొదటనే గుఱ్ఱమును గాని జింకను గాని చేయగోరుదురు. తడిమట్టికాళ్లు ఆ బరువును మోయలేవు, బొమ్మ మోకరిల్లును, పిల్లవాడు విసుగుచెందును. కావున పాఠమునకొక వరుస యుండవలెను.

తాబేలుతో ప్రారంభింపుడు. అది అరచేతిలో ఇముడు గుండ్రని ముద్ద. తరువాత మొసలి. మంచిర్యాలకును మంథనికిని నడుమ గోదావరి తీరమున శివారము అభయారణ్యము కలదు; అది మొసళ్లకు ప్రసిద్ధి. మొసలి పొట్టపై పండుకొనును గనుక కాళ్లపై బరువు పడదు. దాని వీపుమీది పొలుసులను చింతగింజతో అద్దవచ్చును. మూడవది పరుండి నెమరువేయు ఎద్దు. నాల్గవదిగా నిలిచిన ఏనుగు; దాని కాళ్లు స్తంభములవలె లావు గనుక నిలుచును. సన్నకాళ్ల జంతువులు తుదకు రావలెను.

సన్నకాళ్లవానిలో మాకు ఇష్టమైనది కృష్ణజింక. మన చెన్నూరునకు చేరువనే 1980లో ప్రాణహిత వన్యమృగ అభయారణ్యము ఏర్పడినది. కృష్ణజింకలు దానికి పేరు తెచ్చినవి. వీనిలో మగదానికే మెలిదిరిగిన పొడవైన కొమ్ములుండును. ఆడదానికి సాధారణముగా కొమ్ములుండవు. పెద్దదైన మగజింక వీపు నల్లబడును. కడుపు తెల్లగానే యుండును. దుప్పికొమ్ములు వేఱుజాతివి, అవి కొమ్మలు చీలి, యేటేట రాలి, మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు రాలవు. ఇంత సన్నని కొమ్ములను మట్టితో చేసినచో తప్పక విఱుగును. తలపై రెండు రంధ్రములు మాత్రము చేసి, బొమ్మ కాలిన పిమ్మట తీగను మెలిపెట్టి అందు జొనుపవలెను.

భాగములను వేఱుగా చేసి కలుపుట క్రొత్త యుపాయము కాదు. నిర్మల బొమ్మల పనివారు తేలికైన పొనికికఱ్ఱను చెక్కి, భాగములను చింతగింజల జిగురుతోను రంపపుపొట్టుతోను అతికి, నునుపుచేసి రంగులు వేయుదురు. ఆ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించెను. పనివాని యెదుట ఎప్పుడును ఒకటే ప్రశ్న: ఈ వస్తువు దేనిని ఓర్చుకొనగలదు, దేనిని ఓర్చుకొనలేదు? కఱ్ఱవానికి కఱ్ఱ చెప్పును, మట్టివానికి మన్ను చెప్పును.

4. ఎవరును చూడని మృగము

అయిదవ దినమున పిల్లలకొక కథ చెప్పితిని. మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ప్రాణహిత గోదావరి లోయయందు, యామన్‌పల్లి గ్రామము దగ్గఱ పూర్వకాలపు పెద్దజంతువు ఎముకలు విశేషముగా దొరకెను. పదిహేను కోట్ల సంవత్సరములకు పూర్వమే నశించిన యా జంతువు ఆకులలములు మేయునది. పొడవైన మెడ, పొడవైన తోక, స్తంభములవంటి కాళ్లు గలది. పొడవు సుమారు 9 మీటర్లు. 1988లో యాదగిరి యను శాస్త్రజ్ఞుడు దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టెను. కోట యను గ్రామము పేరిట పిలువబడు రాతిపొరలలో దొరకినందున మొదటి పేరు. మన పల్లె పేరిట రెండవ పేరు. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియున్నారు.

పిల్లలు ఉత్సాహముతో దానిని చేయబూనిరి. అప్పుడొక బాలిక, “సారూ, దాని మొకం ఎవలు చూసిండ్రు?” అని యడిగెను. మంచి ప్రశ్న. దాని పుఱ్ఱె దొరకలేదు. మెడ యెముకలు చూచి మెడ పొడవును, కాలి యెముకలు చూచి కాళ్ల లావును చెప్పవచ్చును. ముఖమును మాత్రము తత్సమానమైన యితర జంతువులనుబట్టి ఊహింపవలసినదే. చర్మపు రంగును చెప్పుటకు ఆధారము లేదు. ఆ బాలిక తన బొమ్మకు తల పెట్టి, కన్ను పెట్టక విడిచిపెట్టెను. “తెల్వనిది పెట్టొద్దు గద సారూ” అనెను. నల్లబల్లమీద నేను పెట్టిన చెవులు నాకు జ్ఞప్తికి వచ్చెను.

పొడవైన మెడ వంగిపోకుండ, మట్టి గట్టిపడువఱకు క్రింద నొక పుల్ల నిలుపవలెను. తోకను నేలకానించినచో నాలుగుకాళ్లకు తోడుగ అయిదవకాలివలె బరువు మోయును. ఆ జంతువు నిజముగా తోకను నేల నీడ్చెనని దీని యర్థము కాదు. ఇది మట్టి కోరిన సవరణ మాత్రమే. అట్టి సవరణ చేసినపుడు ఆ మాట చెప్పవలెను.

5. బోలుచేయుట, ఆఱబెట్టుట

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. బొమ్మ యే భాగమును బొటనవ్రేలి మందమునకు మించియుండరాదు. పెద్దబొమ్మయైనచో బోలుచేయవలెను. బొమ్మ తోలువలె గట్టిపడినపుడు గట్టిదారముతో రెండు చెక్కలుగ కోసి, చెంచాతో లోపలిమట్టిని తీసివేసి, వ్రేలిమందమున గోడను మాత్రము మిగుల్చుడు. కోసిన యంచులను తుమ్మముల్లుతో గీఱి, గంజివలె పలుచనైన మట్టినీటిని పూసి, రెండు చెక్కలను ఒత్తి కలుపుడు. కడుపు క్రింద నొక చిన్న రంధ్రము మఱవరాదు. లోపలి ఆవిరికి అదే వాకిలి.

మెదకుసీమలోని కొండాపురమున 1941-42లో జరిగిన త్రవ్వకములలో శాతవాహన కాలపు మట్టిబొమ్మలు బయలుపడినవి. వానిలో రెండు అచ్చుల నడుమ ఒత్తి, లోపల బోలుగా చేసినవి కలవు. ఆనాటి కుమ్మరికిని ఈ రహస్యము తెలియును. ఇంకను వెనుకకు పోయినచో, గోదావరికి ఉపనదియైన ప్రవర యొడ్డున, మహారాష్ట్రమునందలి దైమాబాదులో 1974లో నాలుగు కంచుబొమ్మలు దొరకెను: ఏనుగు, ఖడ్గమృగము, దున్న, రెండెడ్లు పూన్చిన రథము. మన గోదావరి పరీవాహక ప్రాంతమున మనుష్యులు వేలయేండ్ల క్రిందటనే మృగములను చూచి చేయుచుండిరనుటకు అవియే సాక్ష్యము.

లోహపుపనియందును బోలుచేయు విద్య యున్నది. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలములోని ఉషేగాంలో ఓజులను పనివారు ముందుగా మట్టితో లోపలిరూపమును చేసి, దానిపై మైనపు దారములను చుట్టి అందముగా తీర్చి, పైన మరల మట్టి మెత్తుదురు. నిప్పుసెగకు మైనము కరగి బయటికి పోవును; ఆ ఖాళీలోనికి కరగిన యిత్తడిని పోయుదురు. చల్లారిన పిమ్మట పైమట్టిని పగులగొట్టిననే బొమ్మ కనబడును. ఒక అచ్చు ఒక్క బొమ్మకే. కావున ఏ రెండును సరిగా ఒకటే విధముగ నుండవు. ఆదిలాబాదు డోక్రా యను పేర ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చెను.

బొమ్మను ఎండలో ఆఱబెట్టరాదు. మన ప్రాంతపు వడగాలికి పైభాగము ముందుగా ఆఱి కుదించును, లోపల తడిగానే యుండును. వెంటనే పగులు పట్టును. నీడను, మొదటి రెండు మూడు దినములు గుడ్డ కప్పి, నిదానముగ ఆఱనీయవలెను. ఆఱినదో లేదో తెలిసికొనుటకు చెక్కిలికి ఆనించి చూడుడు. చల్లగా తగిలినచో లోపల తడి యింకను ఉన్నదని యర్థము.

6. నా రెండవ తప్పు

ఇవన్నియు తెలిసియుండియు నేను తప్పు చేసితిని. ఏడవ దినమునాటికి ఆ బాలుడు ఒక పరుండిన యెద్దును పూర్తిచేసెను. మూడు దినములు దానిమీదనే కూర్చుండెను. కుడికొమ్ము క్రిందికి వాలియుండుట చూచి నేను సరిచేయబోతిని. వాడు చేయి అడ్డుపెట్టి, “వద్దు సారూ, మా కర్రెద్దుకు గట్లనే ఉంటుండె” అనెను. పిమ్మట తెలిసినది: వారి యింట ఎడ్లజత యుండెడిది. దున్నుటకు ట్రాక్టరు కిరాయికి తెచ్చుకొనుట మొదలైన పిమ్మట, రెండేండ్ల క్రిందట రెండింటిని సంతలో అమ్మివైచిరి. కఱ్ఱియెద్దు చిత్తరువు వారి యింట లేదు. ఆ కొమ్ము వాలు, ముంగాలు మడిచిన తీరు, మెడక్రింది గంగడోలు మడతలు, అన్నియు వాని జ్ఞాపకమునందే యుండెను.

పదవ దినమున తల్లిదండ్రులు వచ్చి బొమ్మలను చూడవలెనని మా సంకల్పము. నేనొక పెద్ద ఏనుగును చేసితిని. అది అందఱికి కనబడవలెనని నా కోరిక. సమయము చాలనందున దానిని బోలుచేయలేదు; మూడు దినములు మాత్రమే ఆఱినది. ఎనిమిదవ దినము సాయంకాలము బొమ్మలన్నిటిని గంపలో పెట్టుకొని కుమ్మరిపెద్ద ఆవము దగ్గఱకు పోయితిమి. ఎద్దు మొదలగు చిన్నబొమ్మలు పలుచనివి గనుక ఆఱియుండెను. ఆయన ఒక్కొక్కదానిని చెక్కిలికి ఆనించి చూచి, ఏనుగు దగ్గఱ ఆగెను. “సారూ, దీని కడుపు ఇంక పచ్చిగున్నది. ఇయ్యాల పెట్టొద్దు” అనెను. “ఎల్లుండి పిల్లల తల్లిదండ్రులు వచ్చెదరు తాతా, అంచున పెట్టుము” అని నేను పట్టుబట్టితిని. ఆయన మఱి మాటాడలేదు. కాని నా ముఖమువంక ఒకసారి చూచెను.

రాత్రి ఆవమునుండి టపాకాయ పేలినట్లు చప్పుడు వినబడెను. ఉదయము తెఱచి చూడగా ఏనుగు ముక్కముక్కలై యుండెను. దాని చుట్టునున్న పిల్లల బొమ్మలు ఏడు విఱిగెను. వానిలో ఆ యెద్దు ఒకటి. తల వేఱు, మొండెము వేఱు. వాలిన కొమ్ము పొడియైపోయెను.

ఇట్లేల జరుగును? నీరు 100 డిగ్రీల వేడిమియందు ఆవిరియై, తన పరిమాణమునకు 1,600 రెట్లకు పైగా వ్యాపించును. మందమైన మట్టిలో చిక్కుకొన్న తడికి బయటికి పోవు త్రోవ లేదు; అది గోడను బ్రద్దలు కొట్టుకొని పోవును. గాలిబుడగలవలన బొమ్మ పేలునని కొందఱు చెప్పుదురు. కాని అసలు కారణము తడియే. అందుచేత ఆవమును మొదట చాలసేపు సన్నని సెగమీద నుంచి, పిమ్మట వేడిని పెంచుదురు. సుమారు 500 డిగ్రీలు దాటిన పిమ్మట మన్నులో కూడియున్న నీరుకూడ విడిపోయి, మన్ను మాఱిపోవును. మరల నానవైచినను అది బురద కాదు. కుమ్మరి ఆవములో వేడిమి సాధారణముగ 700 నుండి 900 డిగ్రీల వఱకు పోవును. గాలి బాగుగ తగిలినచో మట్టిలోని యినుము ఎఱ్ఱబాఱి బొమ్మ ఎఱ్ఱనగును. పొగలో మూసి కాల్చినచో నల్లనగును.

ఈ కారణములన్నియు నాకు ముందే తెలియును. తెలిసియు పెట్టితిని. పిల్లలను కూర్చుండబెట్టి, తప్పు నాదనియు, తాత వలదన్నను నేనే పట్టుబట్టితిననియు చెప్పితిని. ఏడుగురిని పేరుపేరున పిలిచి క్షమింపుమని యడిగితిని. ఆ బాలుడు ముక్కలను ఏఱుకొని చొక్కాలో మూటగట్టుకొనెను. ఏమియు అనలేదు. మఱునాడు రాడేమో యని భయపడితిని.

మఱునాడు అందఱికంటె ముందుగ వచ్చెను. మట్టి పిసికి కూర్చుండెను. మొదటిసారి మూడు దినములు పట్టిన యెద్దు ఈసారి ఒక్క యుదయములో లేచెను. ఒకసారి చేసినదానిని చేయి మఱచిపోలేదు. గంగడోలు మడతలు ముందటికంటె బాగుగ వచ్చెను. కుడికొమ్మును వాల్చి, నావంక చూచెను. నేను చేయి చాపలేదు.

తల్లిదండ్రులు వచ్చిన దినమున ఆ యెద్దు ఇంకను పచ్చిగానే యుండెను. పచ్చిగానే చూపితిమి. వాని తండ్రి దానిముందు చతికిలబడి, కొమ్మువంక చాలసేపు చూచెను. కుమ్మరితాత దానిని తన యింటి నీడను మూడు వారములు ఆఱబెట్టి, ఆయన మనసునకు తోచిననాడే కాల్చెను. చిన్న పగులైనను లేక ఎఱ్ఱగా వచ్చెను. శ్రావణమాసపు చివర పొలాల అమావాస్యనాడు మన ప్రాంతపు రైతులు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి గౌరవింతురు. ఎడ్లు లేనియింట మట్టియెడ్లను నిలుపు వాడుకయు కలదు. ఈ యేడు వారియింట కఱ్ఱియెద్దు నిలిచినదని ఆ బాలుడు బడికి వచ్చి చెప్పెను. నేను అడుగకయే చెప్పెను.

7. అభ్యాసము

విద్యార్థులారా, ఈ క్రింది పనులను సెలవులలో చేయుడు.

(1) మీ వీథిలో నున్న ఒక జంతువును పది నిమిషములు కదలక చూడుడు. ఇంతకుముందు మీకు తెలియని సంగతులు మూడు వ్రాయుడు.

(2) మీ యూరి మట్టిని వ్రేలికి చుట్టి పరీక్షింపుడు. అది ఎంత కుదించునో కొలిచి వ్రాయుడు.

(3) తాబేలును, మొసలిని, పరుండిన యెద్దును వరుసగా చేయుడు. వరుస తప్పరాదు.

(4) మీ యింట ఒకప్పుడుండి ఇప్పుడు లేని జంతువునుగూర్చి మీ తాతనో అవ్వనో అడుగుడు. దాని కొమ్ము, చెవి, నడక ఎట్లుండెనో వారు చెప్పగా విని, బొమ్మ చేయుడు. వారు సరియన్నవఱకు దిద్దుడు.

(5) బొమ్మను కుమ్మరివద్దకు కొనిపోయినచో, ఆయన వలదన్న దినమున కాల్పింపకుడు.

మన సీమలో ఎడ్లు తగ్గుచున్నవి, ఆవములును తగ్గుచున్నవి. వానిని నిలుపుట మన చేతిలో పూర్తిగ లేకపోవచ్చును. ఉన్నవానిని ఉన్నట్లు చూచుట మాత్రము మన చేతిలోనిదే. రానున్న వేసవిలో మరల వేపచెట్టు క్రింద కూడుదము. ఈసారి నల్లబల్లను బయటికి తీయను. మొదటి దినమున అందఱమును చెఱువుకట్టకే పోవుదము.